అరువు గుట్ట

గంగలేరు నగరపాలక సంస్థ బడ్జెట్ సమావేశం పదకొండు గంటలకు మొదలై పదకొండూ నలభైకి ముగిసింది. అందులో పావుగంట శాలువాలకు పోయింది. మిగిలిన ఇరవై ఐదు నిమిషాల్లో మేయరు గారు వచ్చే ఏడాది జమాఖర్చులు చదివారు, సభ్యులు బల్లలు చరిచారు. ఎక్కువసేపు చరిచింది పన్నెండో పేజీ దగ్గర. అక్కడ ఇలా ఉంది: "వారసత్వ వ్యర్థాల నిర్మూలన గ్రాంటు, తొమ్మిది కోట్లు."

వారసత్వ వ్యర్థాలంటే పాత చెత్త. ఊరి చెత్త ఏళ్ల తరబడి ఒకచోట పోసి గుట్ట అయితే, దాన్ని తీసేయడానికి పైనుంచి డబ్బు ఇస్తారు. గంగలేరు వాళ్లు నాలుగేళ్ల కిందట అడిగారు. ఇప్పుడు వచ్చింది.

సమావేశం అయ్యాక పత్రికల వాళ్లకు గుట్టను చూపిద్దామని మేయరు గారు బయల్దేరారు. గుట్ట సర్వే నంబరు 412లో, ఊరికి పడమట, పారిశుద్ధ్య కార్మికుల కాలనీని ఆనుకుని ఉంటుంది. రెండు కొత్త కార్లు, వెనక పత్రికల వ్యాను అక్కడికి పోయి ఆగాయి.

గుట్ట లేదు. నాలుగెకరాల చదును నేల ఉంది. ఒక పక్క వాలీబాల్ వల కట్టి ఉంది. ఇంకో పక్క పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నడుమ నులకమంచం మీద ఒకావిడ కూర్చుని గోంగూర తుంచుతోంది. ఫోటోగ్రాఫర్లు ఏం తీయాలో తెలియక ఆ దృశ్యమే తీశారు.

మేయరు గారు కారు అద్దం దించారు. "ఏమ్మా, ఇక్కడ చెత్తగుట్ట ఉండాలి. ఏమైంది?"

"మా ఆయన తీసేశాడమ్మా."

"తీసేశాడా? ఎప్పుడు?"

"పోయిన క్రిస్మస్‌కే అయిపోయింది. దిగి చూడండమ్మా, కాలికేం గుచ్చుకోదు."

మేయరు గారు దిగలేదు. అద్దం ఎక్కించి, పక్కన కూర్చున్న కమిషనర్ నిరంజన్ ప్రసాద్ వైపు చూశారు. కమిషనర్ ఫోను వైపు చూసుకున్నారు.

ఆవిడ పేరు రూతమ్మ. వాళ్లాయన పేరు దాసరి యేసోబు, శానిటరీ మేస్త్రి. ముప్పై ఒక్కమంది కార్మికులకు హాజరు వేసి, వీధులు పంచి, పని చేయించే ఉద్యోగం. వయసు యాభై ఏడు.

గుట్ట తీయమని యేసోబుకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం గుట్ట అంటుకుంటే పొగ కాలనీ మీదికి వచ్చేది. రూతమ్మకు ఉబ్బసం. పొగ ఉన్నన్నాళ్లూ ఆమె పడుకునేది కాదు, గోడకు దిండు పెట్టుకుని కూర్చునేది. ఆ కూర్చోవడం పదకొండేళ్లు చూసి, పన్నెండో ఏట యేసోబు ఒక ఇసుక జల్లెడ తెచ్చాడు. డ్యూటీ దిగాక రోజూ రెండు గంటలు. మొదట ఒక్కడే, ఆ తర్వాత ముప్పై ఒక్కమందీ. జల్లెడ కింద రాలిన మట్టిని చుట్టుపక్కల రైతులు చేలకు తోలుకుపోయారు. పైన మిగిలిన ప్లాస్టిక్ పాత సామాన్ల కొట్టుకు పోయింది, ఆ డబ్బులు టీలకు పోయాయి. రెండేళ్లకు గుట్ట అయిపోయింది. నగరపాలక సంస్థకు అయిన ఖర్చు రెండు జల్లెళ్లు, పద్నాలుగు పారలు. పారలు తిరిగి స్టోరులో అప్పజెప్పారు.

అప్పటినుంచి రూతమ్మ పడుకుంటోంది. పడుకోగలుగుతున్నందుకు మొదటి నెలంతా పొద్దెక్కినా లేవలేదు.

మర్నాడు కమిషనర్ ఆఫీసు నుంచి యేసోబుకు పిలుపు వచ్చింది. కాలనీలో అందరికంటే నోరున్న నాగరత్తమ్మ చీపురు ఆపి చెప్పింది. "శాలువా కప్పుతారు మేస్త్రీ. కప్పించుకునేముందు బట్ట కాస్త పట్టి చూడు. పోయినేడు నాకిచ్చింది ఇంటికొచ్చేలోపే చిరిగింది."

రూతమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆఫీసులో గుమస్తా యేసోబుకు ఒక కాగితం ఇచ్చి, ఇంకో కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది:

"సర్వే నంబరు 412 నందు నగరపాలక సంస్థకు చెందియున్న, గ్రాంటుకు అర్హత గల వారసత్వ వ్యర్థాల గుట్టను, పై అధికారుల పూర్వానుమతి గానీ, అంచనాలు గానీ, టెండర్లు గానీ లేకుండా సదరు మేస్త్రి తన ఇష్టానుసారం నిర్మూలించి, సంస్థకు తొమ్మిది కోట్ల రూపాయల మేర నష్టం వాటిల్లజేసినందున, అతనిపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

యేసోబు రెండుసార్లు చదివాడు. "ఇది నాకేనా సార్?"

"సదరు మేస్త్రి అంటే నువ్వే" అన్నాడు గుమస్తా.

విచారణ కమిషనర్ గదిలో జరిగింది. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. కమిషనర్, అకౌంట్స్ ఎగ్జామినర్ కుటుంబశాస్త్రి, రాజధాని నుంచి వచ్చిన కన్సల్టెంటు ప్రణీత్. యేసోబు నిలబడ్డాడు.

"నువ్వు ధ్వంసం చేసింది ఏమిటో నీకు తెలుసా?" అడిగారు కమిషనర్.

"చెత్త సార్."

"చెత్త కాదయ్యా. అర్హత."

"తీసేయటానికేగా సార్ డబ్బులిచ్చింది? తీసేశాంగా."

శాస్త్రి గారు కళ్లజోడు సర్దుకున్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన చదవని ఉత్తర్వు లేదు. "మంజూరు తేదీ నాటికి గుట్ట ఉనికిలో ఉండవలెను. ఉన్న గుట్టను కొలవవలెను. కొలిచిన గుట్టను తొలగించవలెను. ఈ మూడూ వరుసగా జరగాలి. నువ్వు మూడోది ముందు చేసి కూర్చున్నావు."

"అయితే ఆ డబ్బుతో మా కాలనీకి కాలవ తవ్వించండి సార్. వానొస్తే మురుగు ఇళ్లల్లోకి వస్తంది."

"కాలవ పద్దు వేరు. ఈ పద్దుకు కాలవంటే ఏమిటో తెలియదు. దీనికి గుట్ట ఒక్కటే తెలుసు."

"కాలవ పద్దులో ఎంతుంది సార్?"

"ఏమీ లేదు. అయినా అది వేరు."

"పోనీ ఎనక్కి పంపండి సార్."

ప్రణీత్ నీళ్ల సీసా మూత బిగించాడు. గ్రాంటు వెనక్కి పంపిన సంస్థకు మరుసటి ఏడు అన్ని గ్రాంట్లలోనూ కోత పడుతుంది. ఖర్చు చేయలేనివాడికి అవసరం లేదని పైవాళ్ల అభిప్రాయం. అదీగాక గ్రాంటులో నాలుగు శాతం నిర్వహణకు వాడుకోవచ్చు. గుట్టను చూడటానికి వెళ్లిన రెండు కొత్త కార్లు ఆ నాలుగు శాతంలోవే.

"సార్, దీన్ని మనం సమస్యగా చూడకూడదు" అన్నాడు ప్రణీత్. "ఇది ఒక లోటు. గుట్ట లోటు. లోటు ఉన్నప్పుడు భర్తీ చేసుకోవాలి."

కమిషనర్ ఆ మాట రాసుకున్నారు. ఆ సాయంత్రానికి "గుట్ట పునఃస్థాపన" అనే ఫైలు తెరుచుకుంది.

మొదట ఊరి చెత్తనే పోశారు. మూడు రోజులపాటు ట్రాక్టర్లన్నీ 412కు మళ్లాయి. వాలీబాల్ వల విప్పేశారు. నాలుగో రోజు ప్రణీత్ నిబంధనల పుస్తకంలో మిగతా పేజీలు చదివాడు. చెత్త వయసు పదేళ్లకు తగ్గకూడదని పదిహేడో పేజీలో ఉంది. అతను ముక్కుకు రుమాలు కట్టుకుని గుట్ట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇది నిన్నటిదిలా ఉంది" అన్నాడు.

"నిన్నటిది కాదు బాబూ, ఇయ్యాల్టిది" అంది నాగరత్తమ్మ. "చెయ్యి పెట్టి చూడు, ఎచ్చగా ఉంది."

పోసినదంతా ఎత్తేశారు. ఆ తర్వాత, వెనకటి గుట్ట మట్టిని తోలుకుపోయిన రైతులకు నోటీసులు వెళ్లాయి. సంస్థ ఆస్తిని మూడు రోజుల్లో వాపసు చేయాలని. నోటీసు అందుకున్న సాంబిరెడ్డి రెండు మిరపకాయలు చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"మీ మట్టి ఎక్కడుందని అడిగారంటగా. ఇదిగో, కాయలోకి పోయింది. మిగతాది మిర్చి యార్డులో ఉంది, కిలో ఇంతని కొనుక్కోండి."

శాస్త్రి గారు కాయల్ని తీసుకోలేదు. జమ చేసుకోవడానికి పద్దు లేదు.

చివరికి దారి చూపింది పొన్నగల్లు. అది ముప్పై కిలోమీటర్ల అవతలి పురపాలక సంఘం. వాళ్లకు గుట్ట ఉంది, కావలసినంత వయసు ఉంది, గ్రాంటు మాత్రం వచ్చే ఏడు వస్తుంది. ఒక ఏడాది గుట్ట ఖాళీగా పడి ఉంటుందన్నమాట. రెండు సంస్థల మధ్య "అంతర్ పట్టణ వ్యర్థ సహకార ఒప్పందం" కుదిరింది. గుట్ట అరువు. ముప్పై రోజుల గడువు. తీసుకున్న కొలతకు తగ్గకుండా, ఎండబెట్టి తిరిగి అప్పజెప్పాలి. గంగలేరు నుంచి దాన్ని తరలించడమే నిర్మూలన, పొన్నగల్లులో దాన్ని దింపడమే వాపసు. ఒకే లారీ, రెండు ఫైళ్లు. ఈ ఏర్పాటుకు కమిషనర్ల సదస్సులో ప్రణీత్‌ను వేదిక మీదికి పిలిచారు. ఇంకో నాలుగు ఊళ్లు అదే గుట్ట కోసం వరసలో పేర్లు రాయించుకున్నాయి.

ఒక్క చిక్కు మిగిలింది. గుట్టలో ఏ భాగం పదేళ్లు దాటిందో ఎవరు చెప్పాలి? ప్రయోగశాలకు పంపితే మూడు నెలలు. చేత్తో పట్టుకుని చెప్పగల మనిషి జిల్లాలో ఒక్కడే ఉన్నాడని శాస్త్రి గారికి గుర్తొచ్చింది.

కమిషనర్ ఈసారి యేసోబుకు కుర్చీ చూపించారు.

"నీ మీద మెమో ఉంది. దాన్ని నేను ముందుకూ నడపగలను, చింపనూగలను. నీ మనుషుల కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. అది కూడా నా బల్ల మీదే ఉంది. నువ్వు చేయాల్సింది చిన్న పని. చెత్త చూసి వయసు చెప్పి, సంతకం పెట్టడం."

"ఎక్కడ పోస్తారు సార్?"

"412లోనే. మంజూరు ఆ నంబరుకే ఉంది."

"మా ఆవిడకి ఉబ్బసం సార్."

"ముప్పై రోజులేనయ్యా."

"ముప్పై ఒకటో రోజున ఎత్తేస్తారా?"

"ఒప్పందంలో రాసి ఉంది" అన్నారు శాస్త్రి గారు. ఆయన ఆ మాట నమ్మే అన్నారు. రాసి ఉన్నది జరిగిందో లేదో ఆయన సర్వీసులో ఎప్పుడూ ఫైలు దాటి వెళ్లి చూడలేదు.

యేసోబు పొన్నగల్లు వెళ్లి గుట్ట ఎక్కాడు. గడ్డపారతో గుచ్చి లోపలిది పైకి తీసి చూశాడు. "ఈ పాలపాకెట్టు కంపెనీ మూతపడి పన్నెండేళ్లయింది. దీని కిందంతా పాతదే. ఆ పక్కది ఎత్తొద్దు, ఆరేళ్లకి మించదు." పక్కన గుమస్తా రాసుకున్నాడు. కాగితం మీద యేసోబు హోదా "వ్యర్థ వయోనిర్ధారణాధికారి, తాత్కాలికం" అని ఉంది. అతను దాని కింద సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చి రూతమ్మ బట్టలు సంచిలో సర్దాడు. బాపట్లలో ఆమె చెల్లెలు ఉంది.

"నువ్వు సంతకం పెట్టింది నిజమేనా?" అడిగింది రూతమ్మ.

"ముప్పై ఒక్కమంది కాంట్రాక్టు కోసమే."

"నేను ముప్పై రెండోదాన్నన్నమాట." ఆమె మందుపీల్చే గొట్టం జాకెట్లో దోపుకుంది. "ముప్పై రోజులేగా?"

"ముప్పై రోజులే."

ఆమె బస్సెక్కిన మర్నాడు మొదటి టిప్పర్ వచ్చింది. ఆరొందల టిప్పర్లు పోశారు. ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ యేసోబుతో మాట్లాడలేదు, నాగరత్తమ్మ తప్ప. ఆమె అన్నది ఒకటే. "సంతకం పెట్టేప్పుడు నీ చేతులు బాగానే పనిచేశాయి మేస్త్రీ."

తనిఖీ అధికారి వచ్చారు. డ్రోన్ ఎగరేసి గుట్టను నాలుగు వైపుల నుంచి కొలిపించారు. వయసు కాగితం చూసి, "ఇంత పక్కాగా ఎవరూ ఇవ్వలేదు" అన్నారు. భోజనం చేసి, గ్రాంటు విడుదల చేసి వెళ్లారు.

డబ్బు ఖర్చు పెట్టడంలో గంగలేరు వెనకబడలేదు. గుట్ట మీద అధ్యయనం జరిగింది. అధ్యయనం మీద రెండు రోజుల సదస్సు కొండమీద రిసార్టులో జరిగింది. తొలగించే గుట్టకు రక్షణ కావాలి కనుక చుట్టూ ప్రహరీ కట్టారు. ప్రహరీకి ద్వారం కావాలి కనుక కమాను కట్టి మేయరు గారి పేరు, కమిషనర్ పేరు చెక్కించారు. కమాను ఎత్తు తక్కువై టిప్పర్ పట్టలేదు. కమానును పగలగొట్టి ఎత్తు పెంచారు. ఈ పనులన్నీ అయ్యేసరికి ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. ప్రణీత్ చివరి బిల్లు తీసుకుని వేరే ఊరికి గుట్ట లోటు చూడటానికి వెళ్లాడు. చెత్త ఎత్తడానికి మిగిలిన డబ్బు లారీలు పొన్నగల్లు చేరడానికి సరిపోతుంది, తిరిగి రావడానికి చాలదు. అయినా పంపారు.

పొన్నగల్లు పొలిమేరలో లారీలను ఆపేశారు.

జరిగింది ఇది. గుట్ట అరువుకు పోయిన నెలలో పొన్నగల్లుకు పరిశుభ్రత పోటీ బృందం వచ్చింది. గుట్ట ఉన్నచోట నేల కనిపించింది. జిల్లాలో గుట్ట లేని తొలి పట్టణంగా పొన్నగల్లుకు జ్ఞాపిక, దానితో పాటు కొత్త గ్రాంటు ఇచ్చారు. గుట్ట తిరిగొస్తే జ్ఞాపిక తిరిగిపోతుంది.

"మీ గుట్టతో మాకేం సంబంధం?" అన్నారు పొన్నగల్లు కమిషనర్ ఫోన్లో. "మాది గుట్టరహిత పట్టణం."

లారీలు వచ్చిన దారినే తోసుకుంటూ, తాడు కట్టి లాక్కుంటూ వెనక్కి వచ్చాయి. చెత్త మళ్లీ 412లో పడింది.

గ్రాంటు గడువుకు ఇంకా రెండు రోజులుంది. వినియోగ ధ్రువపత్రం పంపాలి. తొమ్మిది కోట్లూ ఖర్చయ్యాయి, గుట్ట నిర్మూలించబడింది అని అందులో ఉండాలి. మొదటిది నిజమే కనుక రెండోది కూడా రాశారు. తొలగించాక తీసిన ఫోటో జతచేయమని నిబంధన. శాస్త్రి గారు పాత పేపర్లు తిరగేసి ఒక ఫోటో పట్టుకున్నారు. బడ్జెట్ రోజు తీసినది. నాలుగెకరాల చదును నేల, నులకమంచం, దాని మీద కూర్చుని గోంగూర తుంచుతున్న ఆడమనిషి. "నిర్మూలన అనంతరం సంతృప్తి వ్యక్తం చేయుచున్న స్థానికురాలు" అని కింద టైపు చేయించారు.

ఆ స్థానికురాలు అప్పటికి నలభై ఒక్క రోజులుగా బాపట్లలో ఉంది.

యేసోబు ఆఫీసుకు వెళ్లాడు. "ముప్పై రోజులన్నారు సార్. గుట్ట ఎప్పుడు ఎత్తుతారు?"

"ఏ గుట్ట?" అన్నారు శాస్త్రి గారు.

"412లోది సార్. కిటికీలోంచి కనపడతానే ఉంది."

శాస్త్రి గారు కిటికీ వైపు చూడలేదు. ఫైలు తెరిచి అతని వైపు తిప్పారు. "నిర్మూలించాం. ధ్రువపత్రం వెళ్లింది, అందినట్టు రసీదు వచ్చింది. లేని గుట్టకు నేను డీజిల్ ఎలా రాయను? ఆడిట్‌లో నన్ను నిలబెడతారు."

"అయితే అక్కడ గుట్ట లేదంటారు."

"నేననడం లేదు. రికార్డు అంటోంది."

యేసోబు ఫోటో వైపు చాలాసేపు చూశాడు. తర్వాత స్టోరుకు వెళ్లి, తన పేరు మీద ఒక జల్లెడ, ఒక పార రాయించుకున్నాడు.

ఆ రోజు డ్యూటీ దిగాక గుట్ట కాలనీ వైపు అంచున జల్లెడ నిలబెట్టాడు. మొదటి రోజు ఒక్కడే. రెండో రోజు నాగరత్తమ్మ తట్ట పట్టుకుని వచ్చింది. "నీ మీద జాలితో కాదు, రూతక్క కోసం" అని చెప్పి మరీ మట్టి ఎత్తింది. వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది వచ్చారు. సాంబిరెడ్డి ట్రాక్టరు పంపి, ఈసారి నోటీసు రాదని కాగితం రాసివ్వమన్నాడు. యేసోబు రాసిచ్చాడు.

తొమ్మిదో రోజు రెండు కార్లూ వచ్చాయి. ఒకదాంట్లోంచి కమిషనర్ దిగారు, ఇంకోదాంట్లోంచి శాస్త్రి గారు.

"ఆపు. ఎవరు తీయమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్."

"వచ్చే ఏడు రెండో విడత వస్తుందయ్యా. పన్నెండు కోట్లు. నువ్వు మళ్లీ మొదటికే తెస్తున్నావు. మనుషుల్ని పంపించేయ్."

యేసోబు పార నేలకు గుచ్చి చేతులు తుడుచుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"మెమో ఇవ్వండి సార్. సంతకం పెట్టి తీసుకుంటా."

"ఏమని ఇవ్వమంటావు?"

"412లో ఉన్న గుట్టని తీయొద్దని."

కమిషనర్ శాస్త్రి గారి వైపు తిరిగారు. శాస్త్రి గారు జల్లెడ వైపు చూశారు, మట్టి వైపు చూశారు, ముప్పై నాలుగేళ్లలో చదివిన ఉత్తర్వులన్నీ ఒకసారి తలుచుకున్నారు.

"రాయలేం సార్" అన్నారు.

"ఎందుకు రాయలేం?"

"ఉందని రాస్తే, లేదని మీరు పెట్టిన సంతకం ఉంది."

"పోనీ వేరే ఏదైనా కారణం?"

"వీళ్లు డ్యూటీ దిగాక ఖాళీ స్థలంలో నిలబడ్డారు సార్. రికార్డు ప్రకారం అంతే."

నాగరత్తమ్మ తట్ట తల మీదికి ఎత్తుకుంటూ అంది. "అడ్డం లెగండి సారూ. లేని మట్టి మీ బూట్ల మీద పడిద్ది."

కమిషనర్ పక్కకు జరిగారు. తర్వాత కారెక్కారు. కమాను కింద నుంచి కారు వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా యేసోబు ఫోను మోగింది. బాపట్ల నుంచి.

"ఎంతవరకు వచ్చింది?" అడిగింది రూతమ్మ. అడిగి కాస్త దగ్గింది.

యేసోబు ఫోను చెవికి పెట్టుకుని, తీసినంత మేర నేల మీద నడిచాడు. పొడవు ఆరడుగులు, వెడల్పు అంతకు తక్కువ. కాలికేం గుచ్చుకోలేదు.

"నీ మంచం పడుతుంది" అన్నాడు.